గవ్వ పొట్టలో తడి

పేరిందేవి గారి తరగతిలో ఒక్క మాటకు ప్రవేశం లేదు. ఆ మాట ‘ఆరింది’.

తునిలో రైల్వే గేటు దాటాక కుట్టుమిషన్ల కొట్టు ఒకటి ఉంది. దాని మీది మేడగదిలో ఆవిడ మధ్యాహ్నాలు రెజిన్ పని నేర్పేవారు. రెజిన్ అంటే తెలియనివారికి ముందు ఆ సంగతి చెబుతాను. అది తేనెలా చిక్కగా, గాజులా తేటగా ఉండే ద్రవం. అచ్చులో పోసి ఊదారంగు దీపం కింద పెడితే కాసేపటికి గట్టిపడి రాయిలా అవుతుంది. లోపల ఎండుపువ్వు పెడితే ఆ పువ్వు, ముత్యం పెడితే ఆ ముత్యం, ఉన్నది ఉన్నట్టు నిలిచిపోతుంది. దాన్ని గట్టిపరిచేవి ఆ దీపంలో ఉండే, కంటికి కనబడని కిరణాలు. గాలికి ఆ పని చేతకాదు. వేడికీ చేతకాదు. కొత్తగా చేరినవాళ్లు పొరపడేది ఇక్కడే. తడిగా ఉన్న వస్తువు గట్టిపడితే మన నోట ‘ఆరింది’ అనే వస్తుంది. బట్ట ఆరుతుంది, వడియం ఆరుతుంది, గోడకు వేసిన సున్నం ఆరుతుంది. కాబట్టి ఇదీ ఆరుతుందనుకుంటాం. ఆ మాట నోట్లో ఉన్నంతకాలం చెయ్యి ఫ్యాను స్విచ్చి మీదికే పోతుంది.

“తడి బయటికి పోతే దాన్ని ఆరడం అంటాం,” అనేవారు పేరిందేవి గారు. “దీంట్లోంచి ఏదీ బయటికి పోదు. ఉన్నదంతా లోపలే ఉండి తోడుకుంటుంది, పాలు పెరుగైనట్టు. పెరుగు ఆరిందని ఎవరైనా అంటారా?”

“అనరండీ,” అనేవాళ్లం, చిన్నపిల్లల్లా ఒక్క గొంతుతో.

“పాలకి తోడు మజ్జిగ చుక్క. దీనికి తోడు వెలుగు. వెలుగు తగిలినంత మేర తోడుకుంటుంది. తగలని చోట తోడుకోదు. పాఠం అంతే.”

పాఠం అంతే అయినా మా చేతులు ఊరుకునేవి కావు. దీపం కింద పెట్టిన వస్తువు గట్టిపడిందో లేదో వేలితో తాకి చూడాలని దురద. ఎవరి చెయ్యి అటు కదిలినా ఆవిడ గొంతు తగ్గించి, పసిబిడ్డ నిద్రపోతున్న గదిలో మాట్లాడినట్టు, “తోడు పడుతోంది, కదపకండి,” అనేవారు. పాలకు తోడేసిన గిన్నెని మాటిమాటికీ కదిపితే పెరుగు విరిగి నీళ్లు తేలుతుందని వంటింట్లో తిరిగిన ప్రతివాళ్లకీ తెలుసు. అందుకని ఆ మాటకు ఎవరం ఎదురు చెప్పేవాళ్లం కాదు. చెయ్యి వెనక్కి తీసుకునేవాళ్లం.

సువర్చల ఈ తరగతిలో చేరింది ఒకే ఒక్క పని కోసం. ఆమె కూతురు ఆమని, డిగ్రీ చదువుతూ, కిందటి వానాకాలంలో డెంగీ జ్వరంతో పోయింది. ఆ పిల్ల అష్టాచెమ్మా ఆడుకున్న నాలుగు గవ్వలు ఇంట్లో మిగిలాయి. వాటిని రెజిన్ దిమ్మలో పొదిగి, పిల్ల పుట్టినరోజు నాటికి ఫొటో పక్కన పెట్టాలని ఆమె కోరిక. ఆమని ఆ ఆట ఆడింది నాయనమ్మతో. ఆదివారం మధ్యాహ్నం తాయారమ్మ గారు, అంటే సువర్చల అత్తగారు, వంటింటి గడప దగ్గర సుద్దముక్కతో గళ్లు గీసేవారు. మనవరాలు ఆవిడ వక్కల డబ్బాలోంచి గవ్వలు తీసి పరిచేది. పిల్ల పోయిన కొన్నాళ్లకు సువర్చల ఆ గవ్వలు తీసి బీరువాలో పెట్టేసింది. “గవ్వలేవే?” అని పెద్దావిడ ఒకసారి అడిగారు. “భద్రంగా దాచానత్తయ్యా,” అని ఈమె చెప్పింది. ఆవిడ మళ్లీ అడగలేదు. ఇద్దరూ ఒకే వంటింట్లో తిరుగుతున్నారు. పాలవాడు రాలేదనీ, మాత్రలు అయిపోయాయనీ, కుక్కర్ గాస్కెట్ మార్చాలనీ మాట్లాడుకుంటున్నారు. ఆమని అన్న పేరొక్కటే ఇద్దరి నోటా రావడం లేదు. తను ఏడిస్తే అవతలి మనిషి తట్టుకోలేదని ఇద్దరికీ భయం.

ఈ సంగతులన్నీ తర్వాత తెలిశాయి. అప్పటికి మేం చూసిందల్లా, నున్నగా దువ్విన తలతో, ఇస్త్రీ చెదరని చీరతో అందరికంటే ముందు వచ్చి కూర్చునే మనిషిని. ఆమె కన్ను తడిసి ఉండగా ఎవరం చూడలేదు. “గట్టి మనిషమ్మా,” అనుకునేవాళ్లం. ఆమె ఎదురుగా కూడా అనేవాళ్లం, మెచ్చుకుంటున్నామనే అనుకుని.

గవ్వలాంటి వస్తువుని నేరుగా దిమ్మలో పెడితే దాని పొట్టలో ఉన్న గాలి బుడగలై పైకి తేలుతుంది. అందుకని ముందు ఒంటికి పూత పట్టించాలి. సువర్చల మొదట ఒక్క గవ్వతో ఆ పని చేసింది. చేసిన తీరు చూడముచ్చటగా ఉంది. వీపుకు పూత వేసింది, దీపం కింద పెట్టింది. తిప్పి అడుగువైపు వేసింది, మళ్లీ పెట్టింది. నోటి సందులోంచి గాలి వస్తుందేమోనని అందులోకీ రెజిన్ నిండా పోసి, సందును పూర్తిగా మూసేసింది. గవ్వ నూనె రాసినట్టు మెరిసింది. గోటితో కొడితే టక్కుమంది.

మర్నాడు ఆ గవ్వను చేతిరుమాలులో చుట్టి తెచ్చింది. రుమాలుకు జిగురు అంటింది. గవ్వ మీద ఒక చుక్క.

బ్యూటీ పార్లర్ నడిపే ఝాన్సీ నోరు ఊరుకోదు. “ఏంటండీ సువర్చల గారూ, మీ గవ్వ ఇంకా ఏడుస్తోంది? కాస్త ఊరుకోబెట్టండి!” అంది. అందరూ నవ్వారు. సువర్చల కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి అందరికంటే ముందు ఝాన్సీయే నవ్వు ఆపేసింది.

తలా ఒక సలహా ఇచ్చాం. ఎండలో పెట్టమన్నారు ఒకరు. దీపం కింద ఇంకా చాలాసేపు ఉంచమన్నారు ఒకరు. సువర్చల ఉంచింది. పైపూత పసుపు తిరిగింది తప్ప, మర్నాడు మళ్లీ చుక్క కారింది. పేరిందేవి గారు గవ్వని చేతిలోకి తీసుకోకుండానే అడిగారు.

“ఎక్కడినుంచి కారుతోంది?”

“తెలీదండి. కారగానే తుడిచేస్తున్నాను.”

“ఒక్కసారి తుడవకుండా చూడు.”

“అలా ఎలా వదిలేస్తానండీ?” అంది సువర్చల. ఆ గొంతులో విసుగు ఉంది. అడిగిన ప్రశ్నకు జవాబు వాళ్లే వెతుక్కునేదాకా గురువుగారు ఎవరి పనిలోనూ చెయ్యి పెట్టరు.

ఇక్కడ జరిగిన పొరపాటు మన ఇళ్లలో తప్ప ఇంకెక్కడా జరగదేమో. ఎన్నిసార్లు చెప్పించుకున్నా ‘ఆరలేదు’ అన్న మాట సువర్చల మనసులోంచి పోలేదు. ఫోను నీళ్లలో పడితే మనం ఏం చేస్తాం? బియ్యం తడి లాగేస్తుందని తీసుకెళ్లి బియ్యంలో పెడతాం. ఆమె కూడా ఆ సాయంత్రం గవ్వని బియ్యం డబ్బాలో అడుగుదాకా దూర్చి, బిగుతుగా మూత పెట్టింది. వెలుగుతో గట్టిపడవలసిన వస్తువుని, చూడండి, చీకట్లో పాతిపెట్టింది.

మర్నాడు తరగతికి ఆలస్యంగా వచ్చింది. ఎప్పుడూ అలా రాలేదు. తన చోట కూర్చోకుండా నేరుగా గురువుగారి బల్ల దగ్గరికి వెళ్లి గవ్వని పెట్టింది. గవ్వ నోటి పొడవునా బియ్యపు గింజలు అంటుకుని ఉన్నాయి, కొత్తగా పళ్లు మొలిచినట్టు. వీపు మీద ఒక్క గింజ లేదు. పక్కల లేదు. నోటి మీదే ఉన్నాయి.

“పొద్దున్న బియ్యం కొలవడానికి మా అత్తయ్య చెయ్యి పెట్టారండీ,” అంది సువర్చల.

“ముందు ఒక మాట చెప్పు. ఆ బియ్యం వండారా?”

“లేదండి.”

“వండకండి. కోళ్లకు కూడా వెయ్యకండి. ఇది కడుపులోకి పోవలసింది కాదు. పెద్దావిడ చెయ్యి సబ్బు పెట్టి కడుక్కున్నారా?”

“కడిగించానండి.”

“ఊఁ. ఇప్పుడు చెప్పు. ఏమన్నారు?”

“తిడతారనుకున్నాను. ఏడుస్తారనుకున్నాను. గింజలు దులపకుండా అలాగే అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశారు. ‘ఏమే, గవ్వకి నోరు మూసేశావేంటే?’ అన్నారు. అంతే. నా చేతిలో పెట్టి వెళ్లి పడుకున్నారు. అన్నం కూడా తినలేదు.”

కింద కొట్లో ఎవరో మిషను తొక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది.

“టీచర్ గారూ,” అంది సువర్చల, “పైకి నేను గట్టిగానే ఉన్నాను. అందరూ అంటారు, మీరూ వింటున్నారు. లోపలెందుకండీ ఆరదు? ఎన్నాళ్లు పడుతుంది?”

తరగతిలో అనకూడని మాట అన్నదని ఆమెకు తెలియలేదు. మాకు తెలిసింది. గురువుగారు దిద్దుతారేమోనని చూశాం. ఆవిడ దిద్దలేదు. లేచి వెళ్లి, గోడ అలమారా అడుగు అరలోంచి చిన్న రేకు డబ్బా తీసి, మూత తెరిచి బల్ల మీద పెట్టారు. అందులో ఒక ప్లాస్టిక్ మూతలో అడుగున కొంచెం రెజిన్ ఉంది.

“ఝాన్సీ, ఇది ఎప్పటిది?”

ఝాన్సీ వంగి చూసింది. “అయ్యో, ఇది నాదేనండీ! దసరాకి చేసిన జూకాల్లో మిగిలింది. పారేశాననుకున్నాను.”

గురువుగారు ఆ మూతని వంచారు. ద్రవం ఆ పక్కకు జారింది, ఆ పూటే పోసినట్టు. పుల్లతో ఒక చుక్క తీసి గాజుముక్క మీద వేసి, ఊదా దీపం కింద పెట్టారు. “తోడు పడుతోంది, కదపకండి,” అన్నారు, ఎవరి చెయ్యీ కదలకపోయినా. కాసేపటికి దాన్ని తీసి సువర్చల ముందు పెట్టారు. సువర్చల గోటితో కొట్టింది. టక్కుమంది.

తర్వాత ఆవిడ రెజిన్ సీసా చేతిలోకి తీసుకున్నారు. “ఈ సీసా నల్లగా ఎందుకుంటుంది?”

అది మొదటి రోజు పాఠం. “లోపలికి వెలుగు పోకుండానండీ,” అంది ఝాన్సీ. “చీకట్లో ఉంటే ఎన్నాళ్లయినా అలాగే ఉంటుందని.”

“సువర్చలా, మిగతా మూడు గవ్వలు ఎక్కడున్నాయి?”

“బీరువాలోనండి.”

గురువుగారు సీసాకు మూత బిగించి పక్కన పెట్టారు. బల్లమీది గవ్వని మాత్రం కదపలేదు. “రేపు ఆ మూడూ తీసుకురా. ఇంకో మనిషిని కూడా తీసుకురా. దీన్ని బాగుచెయ్యడానికి రెండు చేతులు చాలవు. ఒకళ్లు పట్టుకుంటే ఒకళ్లు విప్పాలి.”

“ఝాన్సీ గారు పట్టుకుంటారు కదండీ?”

“పట్టుకుంటానండీ,” అంది ఝాన్సీ, గబగబా.

“ఝాన్సీకి ఆ గవ్వ తెలీదు,” అన్నారు పేరిందేవి గారు.

మర్నాడు తాయారమ్మ గారు మేడమెట్లు ఎక్కివచ్చారు. సన్నగా, పొట్టిగా, తెల్లటి వాయిల్ చీరలో ఉన్న మనిషి. ఒక చేత్తో గోడ, ఒక చేత్తో కోడలి భుజం పట్టుకుని వచ్చి, గదంతా చూసి, “ఇదేనా నువ్వు రోజూ వచ్చే బడి? మందుల కొట్టు వాసనేస్తోందే!” అన్నారు. గురువుగారు కుర్చీ జరిపి కూర్చోబెట్టి, చేతులకు రబ్బరు తొడుగులు వేశారు. పెద్దావిడ వేళ్లు ముడిచి తెరిచి చూసుకున్నారు. “డాక్టరమ్మనైపోయానే అమ్మాయ్,” అన్నారు. కోడలు నవ్వలేదు. ఆమె తన చేతులకు తొడుగులు వేసుకుంటోంది.

పని ఇదీ. గవ్వను నోరు పైకి వచ్చేలా తిప్పి కదలకుండా పట్టుకోవాలి. నోటి సందు మీద గట్టిపడిన పొరను సన్నటి సూదిమొనతో ఒక అంచు నుంచి కొంచెం కొంచెం విరవాలి. బలంగా పొడిస్తే గవ్వ పెదవి చిట్లుతుంది. చిట్లితే మళ్లీ అతకదు. పొర విరిగాక లోపల మిగిలిన ద్రవాన్ని దూదిపుల్లతో పీల్చి, స్పిరిట్‌తో కడగాలి. మొదట గింజలు తీశారు. తాయారమ్మ గారు గవ్వను బల్లకు ఆనించి రెండు చేతులతో పట్టుకున్నారు. సువర్చల సూది పట్టుకుంది. గురువుగారు వెనక నిలబడ్డారు, చేతులు కట్టుకుని.

సూదిమొన ఒక మూల ఆనగానే పెద్దావిడ, “అక్కడ కాదే,” అన్నారు. “ఆ మూల నెర్రె ఉంది. గుచ్చావంటే రెండు చెక్కలవుతుంది. ఇటువైపు నుంచి రా.”

“నెర్రె ఎక్కడిదీ? నాకేం కనబడలేదే.”

“నీకెలా కనబడుతుంది? ఆమని గోడకేసి కొట్టింది.”

సూది ఆగిపోయింది.

తాయారమ్మ గారు గవ్వవంకే చూస్తూ చెప్పారు. “ఇంటర్ పరీక్షలప్పుడు. చదువుకోవడానికని నా గదిలోకొచ్చి, ఆడదాం నాయనమ్మా అని ప్రాణం తీసేది. నేను గెలిచాను. గెలిస్తే అలిగిందమ్మా, ఎంత కోపమో దానికి! తీసి గోడకేసి కొట్టింది. అప్పుడు పడ్డ నెర్రె ఇది. నువ్వు చూస్తే ఇద్దర్నీ కలిపి వాయిస్తావని, నెర్రె కనబడకుండా పసుపు రాసి డబ్బాలో అడుగున పెట్టేశాం.”

“నాకెప్పుడూ చెప్పలేదే మీరు?”

“చెప్పడానికి గవ్వలేవే?” అన్నారు పెద్దావిడ.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్నమాట చెప్పినట్టే ఉంది. సువర్చల సూదిని రెండో వైపుకు మార్చింది. సూది జారకుండా మణికట్టును అత్తగారి చేతికి ఆనించుకుంది. పొర కొంచెం లేచింది. ఇంకొంచెం. ఒక్కసారిగా సన్నటి పెచ్చులా ఊడి వచ్చింది. కింద, గవ్వ పొట్టలో, ఇన్నాళ్లూ వెలుగు చూడని రెజిన్ తడిగా, తేటగా, నిండుగా ఉంది. ఎన్ని మధ్యాహ్నాలు దీపం కింద పెట్టిందో ఆ గవ్వని! గవ్వ ఒళ్లే గోడై, వెలుగుకు అడ్డం నిలబడింది. నోటి మీది పొర ముందుగా గట్టిపడి, పసుపు తిరిగి, వెలుగుకు ఉన్న ఒక్క దారినీ మూసేసింది. ఆ పొర అంచుల సందుల్లోంచే ఇన్నాళ్లూ చుక్క కారుతూ వచ్చింది.

ఒక చుక్క నోటి అంచు మీదుగా జారి, పెద్దావిడ తొడుగు మీద పడింది. ఈసారి సువర్చల తుడవలేదు. ఎక్కడినుంచి వచ్చిందో చూసింది.

దూదిపుల్లలు మార్చి మార్చి లోపలంతా పీల్చారు. స్పిరిట్‌తో కడిగారు, మళ్లీ కడిగారు. గవ్వ పొట్ట తెల్లగా కనిపించింది. అప్పుడు పేరిందేవి గారు ముందుకు వచ్చి, అచ్చును తెచ్చి బల్లమీద పెట్టారు. నాలుగు గవ్వలకూ సరిపోయే పలక అచ్చు. సువర్చల తనే కొని తెచ్చుకున్నది.

“లోపల కొంచెం కొంచెంగా పోసి, నోటిలోకి దీపం చూపిస్తూ గట్టిపరచొచ్చు. పొర మీద పొర. పట్టుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి అవుతుంది. తర్వాత నాలుగూ దిమ్మలో పెట్టుకోవచ్చు. పెట్టాక ఇక తియ్యడం ఉండదు. దిమ్మ పగలగొడితే గవ్వలూ పగులుతాయి. లేదా, ఇలాగే వదిలెయ్యొచ్చు. మీ ఇద్దరి ఇష్టం.”

‘మీ ఇద్దరి’ అన్న మాటకు సువర్చల తలెత్తింది. ఇష్టం ఇద్దరిదని ఆమె అప్పటిదాకా అనుకోలేదు.

“నింపితే ఇంక పడదమ్మా,” అన్నారు తాయారమ్మ గారు, గురువుగారితో. “పొట్ట బరువెక్కిన గవ్వ ఎన్నిసార్లు వేసినా ఒకేలా పడుతుంది. ఆడేవాళ్లు ఒప్పుకోరు. దొంగగవ్వ అంటారు.” కోడలివైపు తిరిగి, “అయినా ఇంకెవరు ఆడతారులే. నీ మనసెలా ఉంటే అలా చెయ్యి. ఫొటో పక్కన బాగానే ఉంటుంది,” అన్నారు.

ఆ చివరి మాట చాలా మెల్లగా అన్నారు. బీరువా తాళం వేసినప్పుడు కూడా ఆవిడ అలాగే సరేనని ఉంటారు.

సువర్చల తన సంచిలోంచి మిగతా మూడు గవ్వలూ తీసింది. అచ్చు పక్కన పరిచింది. కడిగిన గవ్వని వాటితో కలిపింది. నాలుగింట్లో ఒకటి మాత్రం పసుపు తిరిగిన పూతతో వింతగా మెరుస్తోంది. నాలుగూ అచ్చులో ఎక్కడెక్కడ కూర్చుంటాయో ఆమె ముందే అనుకుని ఉంటుంది. ఒక్కొక్క చోటా వేలు పెట్టి చూసింది. తర్వాత అచ్చును పక్కకు జరిపింది. అత్తగారి చేతుల తొడుగులు తనే ఊడదీసి, ఆ ముడతల అరచేయి తెరిచి, నాలుగు గవ్వలూ అందులో పోసింది.

“పడతాయేమో చూడండత్తయ్యా,” అంది.

తాయారమ్మ గారు గుప్పిట మూశారు. గవ్వలు గలగలమన్నాయి. ఎన్నాళ్లకో విన్న చప్పుడు కాబోలు, ఆవిడ గుప్పిటను చెవి దగ్గరికి తీసుకుని మళ్లీ కదిపారు. బల్ల మీద వేశారు. మూడు ఆగాయి. పూత వేసిన గవ్వ మాత్రం నున్నగా దొర్లుతూ అంచుదాకా వెళ్లింది.

“అష్టా!” అన్నారు పెద్దావిడ, అది ఆగకముందే. అని నాలుక కరుచుకున్నారు. “నేను కాదే, అదలా అరిచేది. ఇంకా దొర్లుతుండగానే, అష్టా అని అరిచి, నా చెయ్యి పట్టుకుని ఆపేసేది. చూడనిచ్చేది కాదు. అన్నీ దొంగాటలే దానివి. నేను చూసీ చూడనట్టు...”

గవ్వ వెల్లకిలా పడింది, నోరు తెరుచుకుని. సువర్చల దానివంకే చూస్తూ, “నన్నూ చూడనివ్వకుండానే వెళ్లిపోయిందత్తయ్యా,” అంది. అని, అందరిముందూ, దువ్విన తల అత్తగారి ఒడిలో పెట్టుకుంది. ఏడుపు లోపలెక్కడి నుంచో వచ్చింది. అలా ఏడవడం ఆమెకు అలవాటు లేదని ఆ చప్పుడులోనే తెలిసింది. పెద్దావిడ ఓదార్చలేదు. ఆవిడ కూడా ఏడుస్తున్నారు, కోడలి వీపు మీద చెయ్యి వేసి. ఇద్దరూ కళ్లు తుడుచుకోలేదు. ఒకళ్లవి ఒకళ్లూ తుడవలేదు.

ఝాన్సీ మనసు ఆగలేదు. నీళ్ల గ్లాసు పట్టుకుని, భుజం మీది తువ్వాలు తీసి, వాళ్లవైపు ఒక అడుగు వేసింది. పేరిందేవి గారు ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపారు. బల్ల మీద అచ్చు ఖాళీగా ఉంది. ఊదా దీపం ఆ పూట ఎవరూ వెలిగించలేదు.

గురువుగారు గొంతు బాగా తగ్గించి, ఎప్పుడూ అనే మాటే అన్నారు.

“తోడు పడుతోంది. కదపకండి.”